ఒకే మంచం, రెండు నిద్రలు

2017 ఆగస్టు మొదలుకొని 36 నెలలపాటు నా జీతపు చీటీలో ఒక కోత క్రమం తప్పక కనిపించేది. ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో తీసుకున్న అప్పు తాలూకు వాయిదా అది. ఆ అప్పు ఇల్లు కట్టుకొనడానికో, పిల్లల చదువుకో తీసుకున్నది కాదు. మంచం కొనడానికి తీసుకున్నది. ఆరడుగుల వెడల్పుగల టేకు మంచం, దానిమీద ఆరంగుళాల మందంగల పరుపు, రెండూ కలిపి 68,000 రూపాయలు. "పడుకోవడానికి ఇంత ఖర్చేమిటయ్యా!" అని మా సెక్షన్ మిత్రులు పరిహాసమాడినప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ మంచంమీద మా దంపతులలో ఒక్కరు మాత్రమే సుఖంగా నిద్రపోతున్నారన్న సంగతి నాకు తెలిసేసరికి 17 వాయిదాలు చెల్లిపోయాయి.

అసలు కథ నా నడుముతో మొదలైంది. ఆ ఏడాది వేసవిలో డ్యూటీలో ఒక బరువైన వాల్వును వంగి ఎత్తబోతే నడుము పట్టేసింది. మూడు వారాలు సెలవు పెట్టవలసివచ్చింది. నన్ను పరీక్షించిన ఎముకల వైద్యుడు మందులు, వ్యాయామాలతోపాటు గట్టి పడక వాడమని సలహా ఇచ్చారు. నడుము నొప్పి అనగానే పరుపు కింద చెక్క వేయించుకొమ్మని చెప్పడం ఒకప్పుడు సర్వసాధారణం. మా నాన్నగారి తరంవారు చాలామంది అలాగే చేశారు కూడా. అందుచేత నాకు ఆ సలహాలో వింత ఏమీ తోచలేదు.

దుకాణానికి ఇద్దరమూ కలిసే వెళ్ళాము. అమ్మకందారు "ఆర్థోపెడిక్" అని పెద్ద అక్షరాలతో ముద్రించిన పరుపును చూపించాడు. రీబాండెడ్ ఫోమ్ అంటారు దానిని. నురుగు ముక్కలను జిగురుతో కలిపి ఒత్తిడిలో దిమ్మగా తయారుచేస్తారు. పిడికిలితో గుద్దితే గోడను గుద్దినట్లే ఉన్నది. నాకు ఎంతో నచ్చింది. మా శ్రీమతి చేతిసంచి పట్టుకొని పక్కన నిలబడి ఉన్నది. "నీవు కూడా ఒకసారి పడుకొని చూడు" అంటే, నలుగురిలో అలా పడుకోవడానికి మొగమాటపడి, "నాకేమిటండీ, మీ నడుము బాగైతే అంతే చాలు" అన్నది. దానిని నేను సమ్మతిగా తీసుకున్నాను.

మొదటి నెలలు బాగానే గడిచినట్లు నాకు తోచింది. ఆ వేసవి వచ్చేసరికి ఆమె హాలులో నేలమీద పడుకోవడం మొదలుపెట్టింది. పుట్టింటి సారెలో వచ్చిన బూరుగు దూది పరుపు ఒకటి అటకమీద ఉండేది. దానిని దించి ఎండలో వేసి వాడుకొనసాగింది. అడిగితే "గచ్చు చల్లగా ఉంటుందండీ" అన్నది. వానాకాలంలో అడిగితే "మీరు బి షిఫ్టు దిగి వచ్చి పడుకునేసరికి మంచం కదిలి మెలకువ వస్తోంది" అన్నది. చలికాలంలో నేనే అడగడం మానేశాను. ఏ ఋతువుకు తగిన కారణం ఆ ఋతువుకు చెప్పినప్పుడు అసలు కారణం వేరే ఉందని గ్రహించవలసినది. రోజూ యంత్రాల శబ్దంలో తేడాను బట్టి బేరింగు దోషం కనిపెట్టే నాకు ఇంట్లోని ఈ తేడా వినిపించలేదు.

2019 సంక్రాంతికి మా అమ్మ ఊరినుంచి వచ్చింది. రెండు రాత్రులు చూసి, మూడోనాడు ఉదయం వరండాలో నన్ను ఒంటరిగా పట్టుకున్నది.

"ఏరా, అంత పెద్ద మంచం ఉండగా కోడలు నేలమీద పడుకుంటున్నదేమిరా? మీలో మీకు మాటామాటా వచ్చిందా?"

"అదేమీ లేదమ్మా, చల్లగా ఉంటుందని..."

"పుష్యమాసంలోనా?"

నా దగ్గర సమాధానం లేదు. అమ్మ లోపలికి పోయి కోడలినే అడిగింది. ఆమె మొదట తప్పించుకోజూసి, చివరకు చెప్పింది. పక్కకు తిరిగి పడుకోవడం ఆమెకు చిన్ననాటినుంచి అలవాటు. ఈ పరుపుమీద అలా పడుకుంటే భుజమూ తుంటీ ఒత్తుకొని, తెల్లవారేసరికి చేయి తిమ్మిరెక్కి దువ్వెన పట్టుకోవడం కూడా కష్టమవుతున్నదట. "మరి ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పవేమి?" అని నేను కొంచెం కోపంగానే అడిగాను. "నెలనెలా మీ జీతంలో కోస్తున్నారు కదండీ. అప్పైనా తీరకుండా ఆ మంచం నాకు పనికిరాలేదని ఏ నోటితో అనేది?" అన్నది.

అమ్మ మాత్రం దీనినొక వింతగా భావించలేదు. "మీ నాన్నకు నవారు బిగువుగా ఉండాలి, నాకు కాస్త వదులుగా ఉండాలి. రెండు మంచాలు పక్కపక్కనే వేసుకునేవాళ్ళం. నెలకోసారి ఎవరి మంచం వాళ్ళకు తగినట్టు బిగించుకునేవాళ్ళం. ఒకరినొకరు ఏమీ అనుకోలేదే!" అన్నది. నిజమే. నులక మంచమైనా, నవారు మంచమైనా కాళ్ళవైపు తాడు లాగి కట్టి ఎవరికి కావలసిన బిగువు వారు తెచ్చుకోవచ్చు. అరవై ఎనిమిది వేల మంచంలో ఆ సదుపాయం లేదు.

అప్పటినుంచి పరుపుల గురించి తెలుసుకొనసాగాను. క్వాలిటీ కంట్రోల్ విభాగంలోని మిత్రుడొకరు ఎంతో ఓపికగా చెప్పినదానినిబట్టి నా తప్పులు ఒక్కొక్కటిగా బోధపడ్డాయి. మొట్టమొదటిది, "గట్టి", "మెత్తన" అనేవి పరుపులో మాత్రమే ఉండే గుణాలు కావు. పడుకునే మనిషినిబట్టి మారుతాయి. ఆనాడు నా బరువు 82 కిలోలు, మా శ్రీమతి బరువు 51 కిలోలు. నా బరువుకు కొంత దిగబడే పరుపు ఆమె బరువుకు దిగబడనే దిగబడదు. పైగా వెల్లకిల పడుకునే మనిషి బరువు వీపంతటా పరచుకుంటుంది. పక్కకు తిరిగి పడుకునేవారి బరువు భుజంమీద, తుంటిమీద కేంద్రీకరిస్తుంది. ఆ రెండు చోట్లా పరుపు కొంచెం లోపలికి ఒదిగితేనే వెన్నెముక తిన్నగా నిలుస్తుంది. అంటే మేము కొన్నది ఒకే పరుపైనా ఆమె పడుకున్నది నేను పడుకున్నదానిమీద కాదన్నమాట.

రెండోది డెన్సిటీ సంగతి. "ఇది నలభై డెన్సిటీ అండీ" అని దుకాణదారు చెబితే మనం గట్టిదనం అనుకుంటాము. ఘనమీటరు నురుగు 40 కిలోల బరువు తూగుతుందని మాత్రమే దాని అర్థం. అది మన్నికకు సూచన. గట్టిదనం కొలిచే పద్ధతి వేరు: ఒక పళ్ళెంవంటి పలకతో నురుగును దాని మందంలో 40 శాతం మేరకు అణచడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలో చూస్తారు. డెన్సిటీ ఎక్కువగా ఉండి మెత్తగా ఉండే నురుగు ఉంటుంది, తక్కువగా ఉండి గట్టిగా ఉండేదీ ఉంటుంది. ఇక "ఆర్థోపెడిక్" అనే మాట వ్యాపారి పెట్టుకున్న పేరేగాని వైద్యుడిచ్చిన పట్టా కాదు.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది మూడోది. నడుము నొప్పికి గట్టి పడకే మంచిదన్న నమ్మకాన్ని స్పెయిన్ దేశంలో ఫ్రాన్సిస్కో కోవాక్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పరీక్షకు పెట్టారు. దీర్ఘకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థమైన పరుపులు ఇచ్చి 90 రోజుల తరువాత చూశారు. మధ్యస్థమైన పరుపు వాడినవారికే నొప్పి, దానివల్ల కలిగే ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. ఆ ఫలితం 2003లోనే లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటితమైంది. నేను మంచం కొనడానికి 14 ఏళ్ళ ముందు! అయితే కాళ్ళలోకి నొప్పి పాకినా, తిమ్మిరి వచ్చినా అది పరుపుతో తేలే వ్యవహారం కాదు. వైద్యుని వద్దకే వెళ్ళాలి.

ఇంత తెలుసుకొని మళ్ళీ దుకాణానికి పోతే అక్కడ చిన్న ప్రహసనం జరిగింది. వారంటీ పత్రంలో పరుపు గుంతపడితే బాధ్యత ఉన్నదిగాని, మనిషికి సరిపోకపోతే ఏమిటన్న మాట లేదు. అమ్మకందారు మాత్రం ఉత్సాహంగా "మీలాంటి జంటల కోసమే ఒక రకం వచ్చిందండీ. ఒకవైపు గట్టి, ఒకవైపు మెత్తన" అన్నాడు. సమస్య తీరిపోయిందని సంతోషించాను. విప్పి చూపిస్తే తెలిసింది: ఆ రెండు వైపులు కుడి ఎడమలు కావు, పైవైపు, కిందివైపు. "అయితే నేను పరుపు కింద పడుకోవాలా బాబూ?" అని మా శ్రీమతి అడిగింది. అమ్మకందారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇతర దేశాలవారికీ ఈ చిక్కు ఉన్నది. 1987లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ప్రారంభమైన సెలెక్ట్ కంఫర్ట్ సంస్థ గాలి నింపే పరుపులకు పేరుపొందింది. భార్యకొకటి భర్తకొకటి గాలి అరలు ఉంటాయి, ఎవరి గాలి వారు సవరించుకుంటారు. జర్మన్లు అంత దూరం పోకుండా ఒకే మంచంలో రెండు విడి పరుపులు వేసుకుంటారు. మధ్యనుండే సందుకు "అతిథి సందు" అని వాళ్ళ భాషలో హాస్యంగా పేరు కూడా పెట్టుకున్నారు. మా అమ్మ చెప్పినదానికీ దీనికీ తేడా ఏమున్నది?

మా పరుపు స్ప్రింగులది కాకపోవడం ఇక్కడ కలిసివచ్చింది. నురుగు దిమ్మను కోయవచ్చు. బజారులో పరుపులు కుట్టే పెద్దాయన ఒకరు ఇంటికి వచ్చి, సుద్దతో నడిమధ్య గీత గీసి, పొడవాటి కత్తి తీసి నావైపు చూశారు. "కోసేయమంటారా బాబూ? కోశాక కంపెనీ వాడు పూచీ పడడు" అన్నారు. ఇంకా 18 వాయిదాలు మిగిలి ఉన్నాయి. నా నోట మాట రాలేదు. మా శ్రీమతి "పోనీలెండి, వద్దులెండి" అనేసరికి, ఆ "నాకేమిటండీ" అన్న పాత మాట మళ్ళీ వినిపించినట్లయి, "కోసేయండి" అన్నాను.

36 అంగుళాల వెడల్పుగల సగం నాకు ఉన్నది. ఆమె వైపునకు అదే పొడవు, అదే ఆరంగుళాల మందం కొలతలిచ్చి మెత్తని రబ్బరు నురుగు పరుపు చేయించాము. ఈసారి ఆమె దుకాణంలో తన అలవాటు ప్రకారం పక్కకు తిరిగి పావుగంట పడుకొని చూసిన తరువాతనే డబ్బు కట్టాను. (ఈనాడు కొన్ని సంస్థలు వంద రాత్రులు వాడి చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువు ఇస్తున్నాయి. కొత్తగా కొనేవారు షరతులు చదివి ఆ వసతిని ఉపయోగించుకోవాలి.) మందం ఒకటే ఉండాలన్నది ముఖ్యం, లేకపోతే మధ్యలో గట్టు ఏర్పడుతుంది. సందులో నురుగు పట్టీ ఒకటి దూర్చి, రెండింటిమీదా బిగువుగా ఒకే గలీబు తొడిగించాము. ఇంకొక లాభం కూడా కలిగింది. పరుపులు వేరు కావడంతో నేను అర్ధరాత్రి వచ్చి వాలినా ఆ కుదుపు అటువైపు తగ్గిపోయింది. వానాకాలంలో ఆమె చెప్పిన కారణం పూర్తిగా అబద్ధం కాదని అప్పుడు తెలిసింది. బూరుగు దూది పరుపు మళ్ళీ అటక ఎక్కింది. మిగిలిన గట్టి సగాన్ని అమ్మ ఊరికి పట్టుకుపోతానన్నది, బస్సులో ఎక్కించుకోలేదు.

కథ ఇక్కడ ముగియవలసినది. కాని ఆ తరువాత ఒకనాడు రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఇంట్లో ఎవరూ లేని సమయాన పరాకున ఆమె వైపు పడుకొని మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. లేచేటప్పుడు నడుము పట్టలేదు. రెండోసారి పరాకున కాదు, పరీక్షించడానికే పడుకున్నాను. ఫలితం అదే. స్పెయిన్ వైద్యులు చెప్పినది గుర్తుకువచ్చింది. చెప్పుకోవడానికి నాలుగు రోజులు మొగమాటపడి, చివరకు నా వైపు గట్టి దిమ్మమీద రెండంగుళాల మెత్తని పొర తెచ్చి వేసుకున్నాను. మందం ఒకటే ఉండాలని ఊరందరికీ చెప్పినవాడిని నేనే. ఇప్పుడు నా పక్క రెండంగుళాలు ఎత్తుగా ఉంటుంది. "సందు పోయి మెట్టు వచ్చిందండీ" అంటుంది మా శ్రీమతి.