గ్రౌండ్ కట్టేవాళ్లకూ ఓ సంఘం.. మెంబర్ అయితే పనొచ్చినట్టేనా?

నిర్మల్ జిల్లా ఖానాపూర్‌లో ఎవరైనా ఇల్లు కట్టాలంటే మంచి మేస్త్రీ ఎవరని నలుగురిని అడుగుతారు. మరి పిల్లలు ఆడే కోర్టు, పరుగెత్తే ట్రాక్ కట్టాలంటే ఎవరిని అడగాలి? 2022 జూన్ 2న మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకంతో ఊళ్లలో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో గ్రౌండ్లు వచ్చాయి. మట్టి గ్రౌండ్ వరకు ఫర్వాలేదు. సిమెంట్ కోర్టు, సింథటిక్ ట్రాక్ దాకా వెళ్తేనే అసలు కథ మొదలవుతుంది.

ఎందుకంటే.. ఉమ్మడి ఆదిలాబాద్‌లో నల్లరేగడి నేలలు ఎక్కువ. వానకు ఉబ్బుతాయి, ఎండకు నెర్రెలు బారతాయి. కింద బేస్ సరిగ్గా పడకపోతే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా పగుళ్లు తప్పవు. వాలు కూడా అంతే. వరల్డ్ అథ్లెటిక్స్ రూల్ ప్రకారం పరుగెత్తే దిశలో ట్రాక్ వాలు వెయ్యికి ఒకటి దాటకూడదు. అంటే 100 మీటర్లకు 10 సెంటీమీటర్లే! రోడ్లు వేసిన అనుభవం ఒక్కటే దీనికి చాలదు.

అమెరికాలో ఈ పని చేసేవాళ్లు 1965లోనే సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు అమెరికన్ స్పోర్ట్స్ బిల్డర్స్ అసోసియేషన్. అందులో అందరినీ ఒకే గాటన కట్టరు. కోర్టు కట్టే కాంట్రాక్టర్లు వేరు, డిజైన్ ఇచ్చే ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు వేరు, రంగులు, టర్ఫ్ అమ్మే సప్లయర్లు వేరు. సరుకు అమ్మేవాళ్లెవరో, పని చేసేవాళ్లెవరో కస్టమర్‌కి ముందే తెలిసిపోతుందన్నమాట. టెన్నిస్ కోర్టులు, ట్రాక్‌లు, ఫీల్డులు అంటూ పనిని బట్టి మళ్లీ విభాగాలు ఉంటాయి.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. మెంబర్‌షిప్ కంపెనీకి.. సర్టిఫికెట్ మాత్రం మనిషికి! టెన్నిస్ కోర్టు, ట్రాక్, ఫీల్డ్.. దేనికి దానికే విడిగా అనుభవం చూపించాలి, పరీక్ష పాసవ్వాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లదు, రెన్యువల్ చేసుకోవాల్సిందే. కాబట్టి కంపెనీ బోర్డు మీద లోగో చూసి మురిసిపోతే పొరపాటే. ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి మన సైట్‌కి వస్తాడా లేదా అన్నదే పాయింట్. బ్రిటన్‌లో 1997లో వచ్చిన సాప్కా అయితే కంపెనీనే ముందు జల్లెడ పడుతుంది. అనుభవం, ఆర్థిక పరిస్థితి చూశాకే చేర్చుకుంటుంది.

మన దగ్గర కాంట్రాక్టర్లకు రిజిస్ట్రేషన్ క్లాసులు ఉన్నాయి.. స్పెషల్ క్లాస్, ఒకటో క్లాస్, రెండో క్లాస్ అంటూ. ఎంత విలువైన పని తీసుకోవచ్చో ఆ క్లాసు చెప్తుంది. కోర్టు వాలు పట్టడం వచ్చో రాదో చెప్పదు.

అందుకే పని అప్పగించే ముందు స్కూల్ పీఈటీ అయినా, సర్పంచ్ అయినా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నల్లరేగడి ఎంత లోతు తీసేస్తారు? వాన నీళ్లు ఎటు పోతాయి? సైట్ దగ్గర రోజూ ఎవరు నిలబడతారు? పగుళ్లు వస్తే ఎన్నేళ్ల వరకు సొంత ఖర్చుతో బాగుచేస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకోవాలి. ఇంతకుముందు కట్టిన కోర్టు ఎక్కడుందో కనుక్కుని, ఓ వాన పడ్డాక వెళ్లి చూస్తే ఇంకా మంచిది.. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అక్కడే తెలిసిపోతుంది.