కడలితో బేరం

నేల చాలక సింగపూర్ సముద్రాన్ని పూడ్చింది. పూడ్చిన నేలను సముద్రం తినేయకుండా ఇప్పుడు కాపు కాస్తోంది.

ఆదివారం వస్తే ఈస్ట్ కోస్ట్ పార్కులో తెలుగు మాటలూ వినపడతాయి. చాపలు పరిచి, పులిహోర డబ్బాలు విప్పి, పిల్లల్ని ఇసుకలోకి వదిలేస్తారు. అరవై ఏళ్ల కిందట అక్కడ ఉన్నది నీళ్లే.

1966లో మొదలైన పూడిక పని దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. బెడోక్, సిగ్లాప్ గుట్టలను తవ్వి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద ఒడ్డుకు పంపి, 1,525 హెక్టార్ల నేల లేపారు. 1887లో సముద్రానికి ఎదురుగా తెరుచుకున్న ర్యాఫిల్స్ హోటల్ ఇప్పుడు ఊరి నడుమకు చేరింది. స్వాతంత్ర్యం నాటికి 580 చదరపు కిలోమీటర్ల పైచిలుకున్న దేశం 730 దాటింది.

ఇసుక ఎందుకు కదులుతుంది?

అల ఒడ్డును ఏటవాలుగా తాకుతుంది. ఇసుక రేణువును ఓరగా పైకి తోస్తుంది; నీరు మాత్రం వాలు వెంట నేరుగా దిగుతుంది. అలా అల అలకీ రేణువు కాస్త పక్కకు జరుగుతుంది. పోయినంత ఇసుకను నది తెచ్చిపోస్తే ఒడ్డు నిలుస్తుంది. కొత్తగా కట్టిన తీరానికి అలాంటి నది ఎక్కడిది?

అందుకే ఇంజినీర్లు పొడుగునా గోడ కట్టకుండా, దూరం దూరంగా రాతి కట్టలు వేసి మధ్య ఖాళీలు వదిలారు. కట్ట అంచున అల వంగి లోపలికి తిరుగుతుంది, ఇసుకను కోస్తూ చంద్రవంక లాంటి వంపు చేస్తుంది. ఆ వంపు అల వాటానికి సరిపోయాక అల ప్రతిచోటా ఎదురుగానే వచ్చి తాకుతుంది, ఇసుకను పక్కకు ఈడ్చే బలం తగ్గిపోతుంది. సముద్రానికి రెండు కొసలు కట్టి ఇచ్చి, మధ్య గీత దాన్నే గీసుకోమన్నారన్నమాట.

ఆటుకు, పోటుకు మూడు మీటర్లు

చంద్రుడి ఆకర్షణ తనవైపు నీటిని ఉబ్బిస్తుంది. ఆ లాగుడు తక్కువగా ఉండే అవతలి వైపునా మరో ఉబ్బు లేస్తుంది. భూమి తిరుగుతూ ఉంటే సుమారు 12 గంటల 25 నిమిషాలకో పోటు వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడూ తోడవుతాడు. అప్పుడు విశాఖలో ఆటుపోట్ల మధ్య తేడా ఒకటిన్నర మీటర్లుంటే, సింగపూర్‌లో మూడు మీటర్ల దాకా పోతుంది. ఉబిన్ దీవిలో చెక్ జావా దగ్గర ఆటు బాగా దిగినప్పుడు సముద్రపు గడ్డి మేటలు బయటపడతాయి.

పోటు వేళే కుండపోత వాన పడితే, ఆ నీరు సముద్రంలోకి దిగలేక చిక్కు. 2008లో తెరిచిన మరీనా బ్యారేజీకి తొమ్మిది గేట్లున్నాయి. ఆటు సమయంలో గేట్లు దించి వాననీటిని వదులుతారు. పోటు వేళ గేట్లు మూసి పంపులతో తోడేస్తారు.

రేపటి గట్టు

దేశంలో దాదాపు మూడో వంతు నేల సగటు సముద్రమట్టానికి ఐదు మీటర్ల ఎత్తు లోపే ఉంది. 2100 నాటికి మట్టం 1.15 మీటర్ల దాకా పెరగవచ్చని 2024 నాటి జాతీయ అధ్యయనం అంచనా. 2020లో తీర రక్షణ బాధ్యతను జల సంస్థ పీయూబీకి అప్పగించారు. ఈస్ట్ కోస్ట్ ముందు సుమారు 800 హెక్టార్ల 'లాంగ్ ఐలండ్' లేపి, దాని వెనుక మంచినీటి జలాశయం ఏర్పరచే ఆలోచనను 2023లో ప్రకటించారు.

అయితే పూడ్చడానికి ఇసుక ఎవరిస్తారు? మలేసియా 1997లో, ఇండొనేసియా 2007లో, కంబోడియా 2017లో సింగపూర్‌కు ఇసుక ఎగుమతి ఆపేశాయి. ఒకరి ఒడ్డు పెరిగితే మరొకరి సముద్రగర్భం తరుగుతుంది. అందుకే టెకాంగ్ దీవిలో కట్ట కట్టి లోపలి నీరు తోడేసే డచ్చి పద్ధతిని పట్టారు. దానికి ఇసుక తక్కువ చాలు.

మనకూ ఈ లెక్క తెలియనిది కాదు. విశాఖలో రేవు కట్టలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపేస్తే, దాన్ని తవ్వి ఆర్కే బీచ్‌కు పంపుతున్నారు. ఉప్పాడలో రాళ్లు పేర్చాం, ఇసుక నింపిన జియోట్యూబులు వేశాం, కోత ఆగలేదు. కోత పడిన చోట రాయి వేసే ముందు, ఇసుక ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది చూడాలి. ఆ లెక్క తేలకుండా వేసిన గోడ, కోతను పక్క ఊరికి తోసేస్తుందంతే.