పుట్టి తేలడం వేరు, స్కీ లేవడం వేరు

గట్టు, గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఒక పక్క కృష్ణ, మరో పక్క తుంగభద్ర, నడుమ ఈ గడ్డ. ఇక్కడి విద్యార్థులకు పుట్టిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప, అడుగున నీరు చొరకుండా ఒక పొర, చేతిలో ఒక తెడ్డు. ఇంతే పుట్టి! జాలర్లు దానిలో వెళ్లి చేపలు పడతారు. జూరాల దగ్గర కృష్ణ మధ్యలో ఉన్న గుర్రంగడ్డ దీవి ప్రజలు ఏళ్ల తరబడి పుట్టీల మీద, పడవల మీద ఏరు దాటారు.

ఇది నిన్న మొన్నటి సాధనం కాదు. సుమారు 1520లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద ఇలాంటి గుండ్రని పడవలను చూశాడు. అప్పట్లో వాటికి తోలు తొడిగేవారు. పదిహేను, ఇరవై మంది ఎక్కేవారనీ, అవసరమైతే గుర్రాలను, ఎడ్లను కూడా దాటించేవారనీ, అవి తిన్నగా పోక గిరగిర తిరుగుతూ పోయేవనీ అతడు రాశాడు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇంత పెద్ద గంప ఉంటేనే మనుషులు నీటిపై నిలుస్తున్నారు కదా! మరి జానెడు వెడల్పైనా లేని ఒకే ఒక పలక మీద మనిషి నిలబడి, నీటిపై జారుతూ పోవడం ఎలా సాధ్యం? వాటర్ స్కీయింగ్ అనే ఆటలో జరిగేది అదే. ముందు మరపడవ పోతుంటుంది. దానికి కట్టిన తాడు పట్టుకుని ఆటగాడు వెనుక జారుతుంటాడు. ఒకే పలక మీద ఇటూ అటూ మలుపులు తిరుగుతూ ఆడే పద్ధతిని స్లాలం అంటారు.

పుట్టి లెక్క

ముందు పుట్టి సంగతి చూద్దాం. రెండున్నర మీటర్ల వ్యాసం గల పుట్టి ఉందనుకోండి. దాని అడుగు చదునుగా ఉందనుకుంటే వైశాల్యం సుమారు 4.9 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు లోతుకు దిగితే 49 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీటి బరువు 49 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం పుట్టిని పైకి నెట్టే బలం కూడా అంతే పెరుగుతుంది. అంటే మీలాంటి విద్యార్థి ఒకరు ఎక్కితే పుట్టి సుమారు ఒక సెంటీమీటరు దిగుతుందన్నమాట! పదిమంది ఎక్కితే పది సెంటీమీటర్లు. అందరూ ఒకే పక్కకు జరిగితే మాత్రం ఆ పక్క అంచు నీటికి చేరువవుతుంది. మోతకు మించి ఎక్కకూడదని పెద్దలు హెచ్చరించేది అందుకే.

ఇదే లెక్క స్కీకి వేసి చూడండి. స్కీ పొడవు సుమారు 170 సెంటీమీటర్లు, మధ్యలో వెడల్పు 17 సెంటీమీటర్లు, మందం రెండు సెంటీమీటర్ల దాకా. కొనలు సన్నబడతాయి కాబట్టి మొత్తం ఘనపరిమాణం నాలుగైదు లీటర్లకు మించదు. అది పూర్తిగా మునిగినా నాలుగైదు కిలోల బలమే పైకి వస్తుంది. డెబ్బై కిలోల మనిషిని అది మోయగలదా? ఎన్నటికీ మోయలేదు. పడవ ఆగిందంటే ఆటగాడు నీటిలోకి దిగిపోవలసిందే.

వేగమే ఆధారం

చెరువు గట్టున నిలబడి పలచని పెంకును నీటికి అడ్డంగా విసిరిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. అది మునగకుండా నాలుగైదు గంతులు వేస్తుంది. వేగం తగ్గగానే బుడుంగున మునుగుతుంది. స్కీ రహస్యం కూడా ఇదే. ముందు కొన పైకి లేచి, కాస్త ఏటవాలుగా పోతున్న పలక తన కిందికి వచ్చిన నీటిని కిందికి నెడుతుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం నీరు పలకను పైకి నెడుతుంది.

ఈ బలం ముఖ్యంగా మూడింటిపై ఆధారపడుతుంది. ఒకటి, నీటికి తగిలే పలక వైశాల్యం. రెండు, పలక వాలు. మూడు, వేగం. వేగం విషయంలో ఒక విశేషముంది. బలం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది!

ఈ ఆట పుట్టుక కూడా ఇదే పాఠం చెబుతుంది. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే యువకుడు దీన్ని ప్రయత్నించాడు. మొదట పీపా చెక్కలు కట్టుకున్నాడు, మునిగాడు. తరువాత మంచు మీద జారే స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరకు ఎనిమిది అడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు గల రెండు పలకలు తెచ్చి, కొనలను వేడినీటిలో మెత్తబరచి పైకి వంచాడు. ఈసారి నీరు అతణ్ణి నిలబెట్టింది! ఆ రెండు పలకల వైశాల్యం నేటి స్లాలం స్కీకి దాదాపు ఐదు రెట్లు. ఆనాటి పడవ నెమ్మదైనది. వేగం తక్కువైనప్పుడు వైశాల్యం ఎక్కువ కావాలని అతని పలకలే చెబుతున్నాయి.

ఆరు బంతుల ఆట

పోటీలో స్లాలం మార్గం పొడవు 259 మీటర్లు. పడవ నడిమి దారిన తిన్నగా పోతుంది. దానికి ఇరుపక్కలా కలిపి ఆరు తేలే బంతులు ఉంటాయి. ప్రతి బంతీ నడిమి గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆటగాడు ఒక పక్క బంతిని చుట్టి, వెంటనే రెండో పక్క బంతికి చేరాలి. పెద్ద పోటీలలో పడవ గరిష్ఠ వేగం పురుషులకు గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీలకు 55. తాడు 18.25 మీటర్లతో మొదలై, గెలిచేకొద్దీ దాన్ని కురచ చేస్తారు. ఒక దశలో అది 11.25 మీటర్లకు దిగుతుంది. బంతి దూరం కన్నా తాడే కురచ! అప్పుడు ఆటగాడు ఒంటిని పూర్తిగా బయటికి వాల్చి, చేయి చాచి, కాళ్ల కింది స్కీని బంతి అవతలికి చేర్చాలి.

వయసు పెరిగిన ఆటగాడికి ఏ స్కీ?

ఇప్పుడు అరవై ఏళ్ల ఆటగాడొకరిని ఊహించుకోండి. పాతికేళ్ల వయసులో వాడిన సన్నని స్కీ ఆయన అటక మీద భద్రంగా ఉంది. దాన్ని మళ్లీ దింపవచ్చా?

ముప్పై దాటాక కండరాల బలం మెల్లగా తగ్గుతూ వస్తుంది. నరాల స్పందన కాస్త ఆలస్యమవుతుంది. స్నాయువులు బిగుసుకుంటాయి. అందుకే పెద్దవారి విభాగాలలో పోటీ వేగాన్నే తగ్గిస్తారు. మన ఆటగాడు 58కి బదులు 48 కిలోమీటర్ల వేగం ఎంచుకున్నాడనుకుందాం. 48ని 58తో భాగించి వర్గం చేస్తే సుమారు 0.68 వస్తుంది. అంటే అదే స్కీని అదే వాలులో ఉంచితే, పైకి లేపే బలం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది.

ఆ లోటును ఎవరో ఒకరు తీర్చాలి కదా! స్కీ లోతుకు దిగి, ముక్కు పైకెత్తి, వాలు పెంచుకుని తీరుస్తుంది. కాని వాలు పెరిగితే నీటి అడ్డగింపు కూడా పెరుగుతుంది. తాడు మరింత గట్టిగా లాగుతుంది. ఆ లాగుడంతా పడేది ఆయన చేతుల మీద, నడుము మీద, మోకాళ్ల మీద! బలం తగ్గిన ఒంటికి పని పెరిగిందన్నమాట. కనుక ఆయనకు వెడల్పైన స్కీ కావాలి. బరువు ఎక్కువైతే పొడవు కూడా పెరగాలి.

అయితే ఎంత పెద్దదైతే అంత మంచిదా? కాదు. మరీ పెద్ద స్కీ ఎక్కువ వేగంలో నీటిపైకి బాగా లేచిపోతుంది. దాని అంచు నీటిని గట్టిగా పట్టదు, మలుపులో జారిపోతుంది. కాబట్టి స్కీని ఎంచుకునేటప్పుడు “నా బరువెంత? నేను పోయే వేగమెంత?” అనే రెండు ప్రశ్నలూ కలిపి వేసుకోవాలి. యౌవనంలో పోయిన వేగం కాదు, ఇప్పుడు పోయే వేగం!

కాళ్లు దూర్చే తొడుగు మాటా మరువరాదు. పడినప్పుడు ఒక కాలు ఊడి, రెండోది ఇరుక్కుంటే మడమ, మోకాలు మెలితిరుగుతాయి. నీటిలో నుండి లేచేటప్పుడు తొందరపడి మోకాళ్లు చాపితే, తాడు ఒంటిని ముందుకు గుంజి తొడ వెనుక కండరం తెగే ప్రమాదం ఉంది. వెడల్పైన స్కీ నెమ్మది వేగంలోనే లేస్తుంది కనుక అక్కడా మేలే.

ఇంకో లాభం చూడండి. గతిజ శక్తి కూడా వేగపు వర్గాన్ని బట్టే మారుతుంది. 58 నుండి 48కి తగ్గితే, పడినప్పుడు ఒంటికి ఉండే శక్తి కూడా దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఒకే లెక్క ఒకచోట నష్టంగా, మరోచోట లాభంగా కనిపించింది! నష్టాన్ని వెడల్పైన పలకతో పూడ్చుకుని, లాభాన్ని ఉంచుకోవడమే తెలివి. అటక మీది పాత స్కీని మనుమడికి ఇచ్చి, తాను కొత్తదానిపై మరికొన్నేళ్లు ఆడవచ్చు.

మీరే చేసి చూడండి

ఇంట్లో నీళ్ల తొట్టి ఉందా? ఒక స్కేలును నీటిలో కాస్త ఏటవాలుగా, ముందు అంచు పైకి ఉండేలా పట్టుకుని మెల్లగా లాగండి. తరువాత వేగంగా లాగండి. చేతిని పైకి నెట్టే బలం తెలుస్తుంది. ఇప్పుడు స్కేలు తీసేసి, పరీక్షలకు తీసుకుపోయే అట్టతో అదే వేగంలో చేయండి. తేడా ఏమిటి? వాలు పెంచితే చేయి పైకి మాత్రమే పోతోందా, వెనక్కి కూడా గుంజుతోందా? గమనించి రాసుకోండి. ఈ ప్రయోగానికి తొట్టి చాలు. కృష్ణలోకి, జలాశయంలోకి దిగకండి. ఈసారి పుట్టి ఎక్కవలసి వస్తే పెద్దల తోడుతో, తేలే చొక్కా తొడుక్కుని ఎక్కి, ఒక్కొక్కరు ఎక్కినప్పుడు అంచు ఎంత దిగుతుందో చూడండి.