అవ్వ కన్ను గీయడం ఎలా?

మాది ఎమ్మిగనూరు. మా తాత గుంటమగ్గం నేసేవాడు, అవ్వ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. పోయిన సంవత్సరం అవ్వ పోయింది. సంవత్సరీకానికి పెద్ద ఫ్లెక్స్ వేయిద్దామంటే ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పాస్‌పోర్ట్ సైజ్ ఫొటో. ఆదోనిలో ఒక షాపుకు తీసుకుపోతే వాళ్లు దాన్నే సాగదీసి చూపించారు. కళ్ల స్థానంలో రెండు నల్లటి గళ్ల మచ్చలు! అప్పుడే అనుకున్నా, నేనే వెక్టార్‌లో గీయాలని.

అసలు వెక్టార్ అంటే?

ఫొటో అంటే పిక్సెల్స్, అంటే చిన్న చిన్న రంగు గళ్లు. పెద్దది చేస్తే గళ్లే పెద్దవవుతాయి. వెక్టార్‌లో గళ్లు ఉండవు, గీతల సమీకరణాలు ఉంటాయి. ఎంత పెద్దది చేసినా కంప్యూటర్ మళ్లీ లెక్కగట్టి గీస్తుంది కాబట్టి అంచు చెదరదు. ఈ వంపులను బెజియర్ కర్వ్స్ అంటారు. 1960లలో రెనో కార్ల కంపెనీలో పనిచేసిన ఇంజనీర్ పియరీ బెజియర్ వీటిని కార్ల బాడీ డిజైన్‌కు వాడి ప్రచారంలోకి తెచ్చాడు. ఒక్కో వంపుకు నాలుగు బిందువులు: రెండు కొసలు, వంపును లాగే రెండు హ్యాండిల్స్. మన మ్యాథ్స్ ఇక్కడ పనికొచ్చింది చూడండి!

నేను వాడింది ఇంక్‌స్కేప్. ఫ్రీ సాఫ్ట్‌వేర్, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

1. ఆకారం

కన్ను అచ్చంగా బాదంగింజలా ఉండదు. పై రెప్ప వంపు ముక్కు వైపు ఎత్తుగా, కింది రెప్ప వంపు చెవి వైపు లోతుగా ఉంటుంది. పెన్ టూల్‌తో ఐదారు నోడ్స్ పెడితే చాలు. నోడ్స్ ఎక్కువైతే గీత గతుకుల రోడ్డులా తయారవుతుంది. ముక్కు పక్క మూలలో చిన్న గులాబి ముద్ద మరవకండి.

2. తెల్లగుడ్డు తెల్లగా ఉండదు

నేను చేసిన మొదటి తప్పు ఇదే. స్వచ్ఛమైన తెలుపు వేస్తే బొమ్మ దయ్యంలా చూసింది. కనుగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల గోళం. కాబట్టి రెండు మూలలకు పోయేకొద్దీ బూడిద రంగు రావాలి. పై రెప్ప కింద ఒక ముదురు ఆకారం గీసి, బ్లర్ పెంచి, కన్ను ఆకారంలోకి క్లిప్ చేయండి. ఈ నీడతోనే కన్ను లోపలికి కూర్చుంటుంది.

3. నల్లగుడ్డు

యూట్యూబ్‌లో నేను చూసినవన్నీ నీలి కళ్లే. మన కళ్లు ముదురు గోధుమ రంగు, కనుపాప అందులో దాదాపు కలిసిపోతుంది. రేడియల్ గ్రేడియంట్‌తో మధ్యలో నలుపు, బయటికి గోధుమ రంగు ఇవ్వండి. వెలుగు పైనుంచి పడితే దానికి ఎదురుగా, అంటే కింది భాగంలో, గోధుమ రంగు కాస్త వెలగాలి. పై అంచును రెప్ప కొంచెం కప్పాలి. మొత్తం గుండ్రంగా కనబడితే మనిషి బెదిరిపోయినట్టు ఉంటుంది.

4. మెరుపు

కాంతి ఏ ఆకారంలో వస్తే కంట్లో మెరుపు ఆ ఆకారంలోనే ఉంటుంది. మా మగ్గం ఇంట్లో వెలుగంతా వాకిలి నుంచే. అందుకే గుండ్రటి చుక్క కాకుండా నిలువు దీర్ఘచతురస్రం పెట్టా. రెండు కళ్లలోనూ ఒకే వైపు పెట్టండి.

5. వెంట్రుకలు

స్ట్రోక్‌తో గీస్తే తీగల్లా ఉంటాయి. మొదట్లో లావుగా, కొసకు సన్నగా ఉండే మూసిన ఆకారాలుగా గీయండి. ముసలివాళ్లకు పలచగా వేయాలి.

అయినా ఏదో తక్కువ

అన్నీ అయ్యాక అమ్మకు చూపించా. కాసేపు చూసి, "కళ్లు బాగుండాయి గానీ మీ అవ్వవి కాదురా" అంది. "అవ్వ నల్లగుడ్డు చుట్టూ బూడిద గీత ఉండె కదా, అదేదీ?"

ట్యుటోరియల్‌లో అంచు నల్లగా వేయమన్నారు, నేను వేసేశా. వయసు మీదపడిన చాలామందికి కార్నియా అంచున కొవ్వు పదార్థం చేరి లేత బూడిద వలయం వస్తుంది. దాన్ని ఆర్కస్ సెనైలిస్ అంటారు, చూపుకు అడ్డు రాదు. అవ్వ పక్కనే ఇన్నేళ్లు కూర్చున్నా నేను దాన్ని గమనించనేలేదు. తాతకూ అదే వలయం ఉందని ఆ రోజే చూశా. వాకిట్లో కూర్చోబెట్టి దగ్గరగా ఫొటో తీస్తుంటే, "నా కన్ను నీకెందుకురా?" అన్నాడు.

నల్ల అంచు తీసేసి, లోపలివైపు కాస్త బ్లర్ చేసిన బూడిద వలయం పెట్టా. పది నిమిషాల పని. ఫ్లెక్స్ వచ్చిన రోజు తాత అద్దాలు సర్దుకుని దగ్గరికి పోయి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

మీరూ గీయాలనుకుంటే ముందు సాఫ్ట్‌వేర్ తెరవకండి. ఇంటికి పోయినప్పుడు మీవాళ్ల కళ్లు ఒకసారి దగ్గరగా చూసి రండి. ఒక మంచి ఫొటో కూడా తీసి పెట్టుకోండి.