అడవి చూసొచ్చాక జ్వరమొస్తే

మోటారు సైకిలు వెనక గుడారం కట్టుకుని ఒక్కరే నల్లమల చుట్టి రావాలన్న ఉత్సాహం ఇప్పుడు కుర్రకారులో బాగా కనిపిస్తోంది. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు, ఇటు గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల ఘాటు, నడుమ కంభం చెరువు. వానలు వెలిశాక ఈ దారిన వెళితే కళ్ళు చల్లబడతాయి. వెళ్ళవద్దని నేననను. అయితే బయలుదేరే వారందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, పులి ఎదురైతే ఎలా?"

పులి సంగతి అటవీశాఖ వారు చూసుకుంటారు. ఈ అడవి 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రం. దోర్నాల ఘాటులో రాత్రిపూట వాహనాలను వదలరు. లోపల మీ ఇష్టమొచ్చిన చోట గుడారం వేయనివ్వరు. మరి మీరు పడుకునేదెక్కడ? అడవి అంచున, చెరువుకట్ట కింద, బీడు గట్టున. నేను చెప్పబోయే ప్రాణి ఉండేది సరిగ్గా అక్కడే.

మిరప రైతుకు నల్లి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ జాతిదే మరొకటి ఎలుకలు తిరిగే పొదల్లో, గడ్డిలో ఉంటుంది. దాని పిల్లపురుగు మిల్లీమీటరులో అయిదో వంతు. ఒంటికి పట్టుకుని రెండు మూడు రోజులుండి రాలిపోతుంది. నొప్పి తెలియదు. దాని కాటుతో సోకే జ్వరమే స్క్రబ్ టైఫస్. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో ఎందరో సైనికులను మంచాన పడేసింది ఇదే. పేరు చూసి టైఫాయిడ్ అనుకోకండి, రెండింటికీ చుట్టరికం లేదు.

చిక్కేమిటంటే, జ్వరం వెంటనే రాదు. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా వస్తుంది. అప్పటికి మీరు ఇంటికి చేరి, ఉద్యోగంలో పడి, అడవిని మరచిపోయి ఉంటారు. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కొందరికి దగ్గు. నలుగురు కలిసి వెళ్ళి ఇద్దరు పడుకుంటే ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది. ఒంటరిగా వెళ్ళినవారికి ఆ అదృష్టం లేదు. మందుల షాపు బిళ్ళలతో వారం గడుపుతారు. పెన్సిలిన్ జాతి మందులూ, టైఫాయిడ్ కని పొడిచే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజక్షన్లూ దీనికి పనిచేయవు. రెండో వారంలో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. తొలిరోజుల్లో పోల్చుకుంటే మాత్రం డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. గర్భిణులకు వేరే మందు ఉంది. ఏదైనా వైద్యుడు రాసి ఇవ్వవలసిందే.

కనుక జ్వరం వస్తే నోరు తెరచి మొదట చెప్పవలసిన మాట: "అడవి దగ్గర నేలమీద పడుకున్నాను." ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా. మలేరియా పరీక్షతోపాటు దీనికీ చేస్తారు. తొలిరోజుల్లో రక్తపరీక్ష తేలకపోవచ్చు. అందుకే ఒళ్ళు చూసుకోవాలి. చంకలు, గజ్జలు, నడుముపట్టీ కింద, మోకాళ్ళ వెనక, చెవి వెనక. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పెచ్చు, చుట్టూ ఎరుపు. నొప్పీ దురదా ఉండవు కనుక ఎవరూ పట్టించుకోరు. వీపు ఇంట్లో వారిచేత చూపించుకోండి. సిగ్గుపడి డాక్టరుకు చూపకపోవడం తెలివి కాదు. పెచ్చు అందరికీ ఉండదు. లేనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు.

దీనికి టీకా లేదు. అడుగు కుట్టిన గుడారమే వాడండి. గడ్డిమీద ఒట్టినే పడుకోవద్దు. పొడుగు ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపండి. దోమల పూత మందు కాళ్ళకూ పట్టించండి. సాయంత్రం సబ్బుతో ఒళ్ళు రుద్ది స్నానం చేసి, విడిచిన బట్టలు మళ్ళీ తొడక్కండి.

అడుగున్న గుడారం కట్లపాము నుంచీ కాపాడుతుంది. నేలమీద నిద్రపోయేవారిని రాత్రివేళ కాటేసేది అదే. గాటు కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం మొదలైతే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు వద్దు. బండి మీరే నడపవద్దు. ఎవరినైనా ఆపి, విషానికి విరుగుడు ఇంజక్షనున్న పెద్దాసుపత్రికి చేరండి.

ఘాటు దారిలో చాలాచోట్ల ఫోను పలకదు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. తిరిగొచ్చాక ఆ కాగితం మూడు వారాలు పారేయకండి, డాక్టరుకూ అది పనికొస్తుంది.