విన్నదల్లా వార్త కాదు

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతామో లేదో, చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతుంది. ఎక్కడో గొడవ జరిగిందని ఒక వీడియో, దాని కింద 'అందరికీ పంపండి' అని విన్నపం. చూస్తాం, మనసు మండుతుంది, మరో నలుగురికి పంపేస్తాం. ఇది నిజమేనా అని మాత్రం అడగం.

అలా అడగకపోతే ఏమవుతుందో 2020లో మనం స్వయంగా అనుభవించాం. ఆ మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లిన తబ్లీగీ జమాత్ వారిలో కొందరికి కరోనా సోకింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లినవారూ వారిలో ఉన్నారు. అంతవరకు నిజం. కానీ ఆ నిజం చుట్టూ ఎన్నో అబద్ధాలు అల్లారు. సూఫీలు జిక్ర్ చేస్తూ గట్టిగా ఊపిరి వదిలే వీడియోను, రోగం అంటించడానికి కావాలని తుమ్ముతున్నారంటూ తిప్పారు. ముంబైలో ఫిబ్రవరిలో ఒక విచారణ ఖైదీ పోలీసుపై ఉమ్మిన దృశ్యాన్ని మర్కజ్ వారికి అంటగట్టారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లుందని అభిప్రాయపడింది. అప్పటికే ఆ వీడియోలు చేయాల్సిన హాని చేసేశాయి.

మరి మనవైపు తప్పు లేదా? 2012లో బర్మాలో రోహింగ్యా ముస్లింలపై నిజంగానే దాడులు జరిగాయి. ఆ సమయంలోనే, శవాల మధ్య నిలుచున్న బౌద్ధ భిక్షువుల ఫోటో ఒకటి ముస్లింల ఊచకోత పేరుతో చేతులు మారింది. నిజానికి అది 2010లో చైనాలోని యూషు భూకంపం నాటిది. మృతులకు సేవ చేస్తున్నవారిని హంతకులుగా చూపిన ఆ ఫోటోను మనలోనూ ఎందరో నమ్మారు. నిజమైన బాధితుల గోడుకు అబద్ధపు సాక్ష్యం జోడిస్తే, ఆ గోడునే లోకం అనుమానిస్తుంది.

నమ్మదగని వాడు వార్త తెస్తే ముందు విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తోంది. దీని నేపథ్యాన్ని వ్యాఖ్యాతలు ఇలా చెబుతారు: జకాత్ వసూలుకు వెళ్లిన వ్యక్తి ఒకరు, ఆ తెగవారు జకాత్ నిరాకరించారని, తనను చంపబోయారని వచ్చి చెప్పాడు. విచారిస్తే అది నిజం కాదని తేలింది. విచారణ లేకుంటే నిరపరాధుల రక్తం చిందేది.

హదీసు పండితులు ఈ ఆజ్ఞనే ఒక శాస్త్రంగా మలిచారు. ఉల్లేఖకుల గొలుసు 'ఇస్నాద్', ఉల్లేఖన సారం 'మత్న్' రెండింటినీ పరీక్షించారు. గొలుసులో ఒక కొక్కెం తెగినా ఆ ఉల్లేఖనాన్ని బలహీనమైనదిగా లెక్కించారు.

ఫోనులో వచ్చిన సందేశాన్నీ మనం అలాగే పరీక్షించవచ్చు. మొదట చెప్పింది ఎవరు? కళ్లారా చూశాడా, విన్నాడా? ఏ ఊరు, ఏ తేదీ? ఆ వీడియో ఇంతకుముందు వేరే పేరుతో వచ్చిందా? 'వచ్చింది, పంపాను' అనేవాడు ఉల్లేఖకుడు కాడు. మనకు ఇష్టమైన కబురైతే మరో రెండుసార్లు విచారించాలి. జవాబు దొరకకపోతే అక్కడితో ఆపేయాలి.

ప్రళయదినాన చేతులు సాక్ష్యం పలుకుతాయని మన విశ్వాసం. ఫోను మీద కదిలే వేలు కూడా ఆ చేతిదే కదా!