సైకియాట్రిక్ సోషల్ వర్క్ విద్య

సైకియాట్రిక్ సోషల్ వర్క్ అనగా మానసిక వ్యాధితో బాధపడేవారికి, వారి కుటుంబాలకు వైద్య బృందంలో భాగంగా అందించే వృత్తిపరమైన సామాజిక సేవ. ఇది క్లినికల్ సోషల్ వర్క్‌లో ఒక ప్రధాన విభాగము. మనోవైద్యుడు రోగనిర్ధారణ చేసి మందులు ఇస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలు, చికిత్సలు నిర్వహిస్తాడు. రోగి కుటుంబం, సంపాదన, అప్పులు, ఊరిలోని సంబంధాలు వ్యాధిపై ఎట్టి ప్రభావం చూపుతున్నాయో పరిశీలించి, చికిత్స ఇంటివద్ద కూడా కొనసాగేలా చూడడం సైకియాట్రిక్ సోషల్ వర్కరు బాధ్యత. భారతదేశంలో ఈ వృత్తికి ఎం.ఎస్.డబ్ల్యు., ఆపైన రెండేళ్ళ ఎం.ఫిల్. ప్రమాణమైన చదువుగా ఉంటూ వచ్చాయి. పత్తి, మిరప పంటలకు పేరొందిన గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో రైతుల ఆత్మహత్యల కారణంగా ఈ వృత్తికి ప్రత్యేక ప్రాధాన్యత ఉన్నది.

ఈ ప్రాంతంలో అవసరం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతంలోని కొంత భాగం పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరింది. ఈ రెండు పంటలకూ పెట్టుబడి ఎక్కువ. విత్తనాలకు, ఎరువులకు, పురుగుమందులకు రైతులు తరచుగా దుకాణదారుల వద్ద, కమీషన్ వ్యాపారుల వద్ద అప్పు తీసుకుంటారు. పంట పోతే ఆ అప్పు మరుసటి ఏడాదికి వడ్డీతో సహా మిగిలిపోతుంది.

1987-88లో పత్తిపై తెల్లదోమ విజృంభించింది. ఒకే రకం మందులను పదేపదే చల్లడం వలన అది వాటిని తట్టుకునే శక్తిని పొందింది. పంట కోల్పోయిన రైతులు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో ఆత్మహత్యలు చేసుకున్నారు. రాష్ట్రంలో రైతు ఆత్మహత్యలు పెద్దయెత్తున చర్చకు వచ్చిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. 2021-22లో నల్ల తామర పురుగు వలన మిరప రైతులు తీవ్రంగా నష్టపోయారు.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు లక్షన్నర రూపాయల సహాయం ప్రకటించింది. మరణ కారణాన్ని విచారించుటకు రెవెన్యూ డివిజనల్ అధికారి, పోలీసు ఉపాధికారి, వ్యవసాయ సహాయ సంచాలకులతో డివిజను స్థాయి సంఘాలను ఏర్పాటు చేసింది. ఈ సంఘంలో మానసిక ఆరోగ్య రంగానికి చెందినవారు లేరు. సొంత భూమి పత్రాలు లేని కౌలు రైతుల కుటుంబాలకు ఈ సహాయం పొందడం కష్టమైనది.

చరిత్ర

భారతదేశంలో సోషల్ వర్క్ ఉన్నత విద్య 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్‌తో మొదలైనది. 1944లో దీనికి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని పేరు మార్చారు. 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో వైద్య సామాజిక కార్యకర్తను నియమించారు. 1974లో బెంగుళూరులో ఏర్పడిన నిమ్‌హాన్స్ సంస్థ సైకియాట్రిక్ సోషల్ వర్క్ శిక్షణకు దక్షిణ భారతదేశంలో ముఖ్య కేంద్రమైనది.

ఎం.ఎస్.డబ్ల్యు.

ఇది రెండు సంవత్సరాల పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సు. సాధారణంగా ఏ డిగ్రీ చదివినవారైనా చేరవచ్చును. గుంటూరు, విజయవాడల మధ్య నాగార్జున నగర్‌లో ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఈ ప్రాంత విద్యార్థులకు దగ్గరలోనిది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని రోడా మిస్త్రీ కళాశాల కూడా ఈ విద్యకు తెలిసిన సంస్థలు.

వ్యక్తి సేవ, బృంద సేవ, సమాజ సంఘటన, పరిశోధన, సంక్షేమ పరిపాలన, సామాజిక చర్య ఇందులో మూల పాఠ్యాంశాలు. తరగతులతో పాటు క్షేత్రకార్యం తప్పనిసరి. విద్యార్థులు ఆసుపత్రులకు, పాఠశాలలకు, గ్రామాలకు వెళ్ళి పనిచేసి, చేసిన పనిని నివేదికలుగా వ్రాసి అధ్యాపకుని పర్యవేక్షణలో చర్చిస్తారు. మానసిక వైద్య రంగంలో స్థిరపడదలచినవారు మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌ను ప్రత్యేక విషయంగా ఎంచుకోవడం మేలు.

ఎం.ఫిల్., చట్టపరమైన అర్హత

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సైకియాట్రిక్ సోషల్ వర్కరును నిర్వచించింది. దీని ప్రకారం సోషల్ వర్క్‌లో పోస్టుగ్రాడ్యుయేట్ డిగ్రీ, ఆపైన పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణ గల రెండేళ్ళ పూర్తికాల ఎం.ఫిల్. ఉండవలెను. లేదా నిబంధనలలో నిర్దేశించిన ఇతర అర్హతలు ఉండవలెను. కనుక కేవలం ఎం.ఎస్.డబ్ల్యు. ఉన్నవారు ఆసుపత్రిలో కౌన్సెలరుగా పనిచేస్తున్నప్పటికీ ఈ నిర్వచనం క్రిందకు రారు. చాలామంది విద్యార్థులకు ఈ తేడా ఉద్యోగ ప్రకటన చూసిన తరువాతనే తెలుస్తుంది.

2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎం.ఫిల్. డిగ్రీని రద్దు చేసింది. అయితే 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. కోర్సులకు 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. ఆ తరువాత చేరదలచినవారు తాము ఎంచుకున్న కోర్సుకు చట్టపరమైన గుర్తింపు ఉన్నదో లేదో ముందుగానే సరిచూసుకొనవలెను. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తన జాబితాలో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను ముగ్గురినీ చేర్చినది.

పని విధానం

ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రిలో చేరిన ఒక కౌలు రైతును ఉదాహరణగా తీసుకొనవచ్చును. ప్రాణాపాయం తప్పిన తరువాత అతడు తిరిగి వెళ్ళేది అదే ఇంటికి, అదే అప్పు వద్దకు. సోషల్ వర్కరు అతనితోను, భార్యాబిడ్డలతోను విడివిడిగా మాట్లాడి కుటుంబ చరిత్ర సేకరిస్తారు. మరల ప్రయత్నించే ప్రమాదం ఎంత ఉన్నదో అంచనా వేస్తారు. పురుగుమందును ఇంటిలో అందుబాటులో ఉంచవద్దని చెబుతారు. కేసు భయంతో చికిత్స మానవలసిన పనిలేదని వివరిస్తారు. 2017 చట్టం 115వ సెక్షను ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచినది. ఇంటికి పంపిన తరువాత గ్రామానికి వెళ్ళి చూచుట, మందులు మానకుండా గమనించుట, బ్యాంకు, రెవెన్యూ కార్యాలయాలకు దారి చూపుట కూడా ఈ వృత్తిలోని భాగాలే. అప్పును మందు తీర్చదు. కుంగుబాటును పరిహారం మాన్పదు. రెండింటినీ కలిపి చూడడానికే ఈ శిక్షణ.

ఉద్యోగావకాశాలు

1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో మనోవైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, నర్సులతో పాటు సైకియాట్రిక్ సోషల్ వర్కరుకు కూడా స్థానం ఉన్నది. బోధనాసుపత్రులు, వ్యసన విముక్తి కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు ఇతర అవకాశాలు. హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రాలలో కౌన్సెలర్లుగా ఎం.ఎస్.డబ్ల్యు. పట్టభద్రులు పనిచేస్తున్నారు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా మానసిక సహాయం అందిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు కలిగినవారు, వారి కుటుంబ సభ్యులు ఏ సమయంలోనైనా ఈ నంబరుకు ఫోను చేయవచ్చును.